నోట్సు నిండుగా ఉన్నా మార్కులు ఎందుకు తగ్గుతాయి? యూనివర్సిటీకి మారాక చదువు పద్ధతిలో రావలసిన మార్పు

సంక్షిప్తంగా: ఒక కళాశాలలో మంచి గ్రేడ్లతో చదివి మధ్యలో యూనివర్సిటీకి మారిన విద్యార్థులకు మొదటి టర్మ్‌లో మార్కులు తగ్గడం దశాబ్దాలుగా నమోదవుతున్న విషయం. ఏది ముఖ్యమో ఏరి చూపడం, చదివింది నిలిచిందో లేదో తరచూ పరీక్షించడం అనే రెండు పనులను పాత చోట అధ్యాపకులే చేసేవారు. కొత్త చోట ఆ రెండూ విద్యార్థి మీద పడతాయి. చదివే గంటలు పెంచడం కంటే ఆ గంటలను పరీక్షకు ముందు వారం నుంచి లెక్చర్ జరిగిన రోజుకు జరపడం, నోట్సును ప్రశ్నలుగా మార్చుకోవడం ఎక్కువ ఫలితమిస్తాయి.

## మొదటి మిడ్‌టర్మ్ దగ్గర వచ్చే అయోమయం

ఏడాదో రెండేళ్లో ఒక కళాశాలలో చదివి, సంపాదించుకున్న క్రెడిట్లతో (పూర్తి చేసిన కోర్సులకు ఇచ్చే పాయింట్లతో) యూనివర్సిటీకి మారేవారు సాధారణంగా పాత తరగతిలో ముందు వరుసలో ఉన్నవారే. అందుకే మొదటి మిడ్‌టర్మ్ జవాబుపత్రం చేతికి వచ్చినప్పుడు వారికి కలిగే అయోమయం ఎక్కువ. ఇన్నాళ్లూ చదివినట్టే చదివారు, నోట్సు పొల్లుపోకుండా రాసుకున్నారు, పరీక్షకు ముందు రోజుల తరబడి కూర్చున్నారు, అయినా మార్కులు రాలేదు. ఈ దశలో చాలామంది ఇంకా ఎక్కువ గంటలు చదవాలనే నిర్ణయానికి వస్తారు. పొరపాటు మొదలయ్యేది ఆ నిర్ణయం దగ్గరే, ఎందుకంటే పని చేయని పద్ధతికి గంటలు జోడిస్తే అలసట పెరుగుతుంది గాని ఫలితం మారదు.

అమెరికాలో జూనియర్ కళాశాలల (డిగ్రీలో మొదటి రెండేళ్ల చదువు చెప్పే కళాశాలల) నుంచి యూనివర్సిటీలకు మారినవారి మీద అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను సమీక్షించిన జాన్ హిల్స్, 1965లో ఈ తగ్గుదలను ‘ట్రాన్స్‌ఫర్ షాక్’ అన్నారు. 1992లో డియాజ్ 62 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు వాటిలో 79 శాతం ఇలాంటి తగ్గుదలనే చూపాయి. అయితే ఆ తగ్గుదల చాలావాటిలో అర గ్రేడ్ పాయింటుకు మించలేదు, ఎక్కువ మంది మొదటి ఏడాదిలోనే కోలుకున్నారు కూడా. మధ్యలో చదువు మానేసినవారు తర్వాతి లెక్కల్లోకి రారు కాబట్టి ఈ కోలుకోవడం ఉన్నదాని కంటే కాస్త మెరుగ్గా కనిపించే అవకాశం ఉంది. ఆ మేరకు తగ్గించి చూసినా ఒక సంగతి మిగులుతుంది. విద్యార్థికి ఆ స్థాయి లేకపోవడమే అసలు కారణమైతే, అదే విద్యార్థి ఒకటి రెండు టర్మ్‌ల తర్వాత నిలదొక్కుకోవడానికి వివరణ దొరకదు. కొత్త చోటికి తగిన పద్ధతి కుదురుకోవడానికి పట్టే కాలమే ఈ తగ్గుదలలో ఎక్కువ భాగమని అనుకోవడం సమంజసం.

## పాత చోట సగం పని ఎవరు చేసేవారు

చిన్న తరగతి గదిలో పాఠం చెప్పే అధ్యాపకుడు బోర్డు మీద రాస్తూ చెబుతాడు. బోర్డు మీదికి ఎక్కినది ముఖ్యమని, ఎక్కనిది కాదని విద్యార్థికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ముఖాల్లో అర్థం కాని లక్షణం కనిపిస్తే అదే మాట మరోసారి, మరో ఉదాహరణతో వస్తుంది. వారానికో చిన్న పరీక్ష, రెండు వారాలకో హోంవర్క్ ఉంటాయి. ఈ ఏర్పాటులో నోట్సు రాయడమంటే అప్పటికే జల్లెడ పట్టిన సరుకును ఎత్తి పెట్టుకోవడం. ఆ నోట్సును పరీక్షకు ముందు నాలుగుసార్లు తిరగేస్తే సరిపోవడం కూడా సహజమే, ఎందుకంటే వారం వారం పెట్టిన పరీక్షలు ఆ విషయాన్ని అప్పటికే మూడు నాలుగుసార్లు జ్ఞాపకంలోంచి బయటికి లాగించి ఉంటాయి. ఆ విజయానికి తన నోట్సే కారణమని విద్యార్థి అనుకుంటాడు. నిజానికి అందులో పెద్ద వాటా ఆ చిన్న పరీక్షలది.

వందల మంది కూర్చునే లెక్చర్ హాలులో ఈ రెండు ఆసరాలూ ఒకేసారి తొలగిపోతాయి. తెర మీది స్లయిడ్‌లో నాలుగు ముక్కలు మాత్రమే ఉంటాయి. అసలు వాదన, దానికి వచ్చే అభ్యంతరం, ఆ అభ్యంతరానికి జవాబు అన్నీ ప్రొఫెసర్ మాటలోనే నడుస్తాయి. మధ్యలో ఆయన తన పరిశోధన గురించి పది నిమిషాలు మాట్లాడితే అది పాఠంలో భాగమో పక్కదారో చెప్పేవారుండరు. మొత్తం గ్రేడు రెండు మూడు పెద్ద పరీక్షల మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, పద్ధతి సరిగా లేదన్న సమాచారం చేరేసరికే టర్మ్‌లో మూడో వంతు గడిచిపోతుంది.

మొదటి ఏడాది నుంచి అక్కడే చదువుతున్నవారు కూడా ఈ దెబ్బ తిన్నవారే. కాకపోతే వారు దాన్ని ప్రాథమిక కోర్సుల్లో, అందరితో కలిసి, రెండేళ్ల వ్యవధిలో తిన్నారు. మధ్యలో చేరినవారు నేరుగా పైస్థాయి కోర్సుల్లో అడుగుపెడతారు. దీనికి తోడు పాత కోర్సుకూ కొత్త కోర్సుకూ పేరు ఒకటే అయినా లోపలి సరుకు ఒకటి కాకపోవచ్చు. ఒకచోట గణాంక శాస్త్రాన్ని సూత్రాలుగా నేర్పి ఉంటారు, ఇంకోచోట అదే పేరున్న కోర్సు కలన గణితం మీద నిలబడి ఉంటుంది. ఒకే రాశికి రెండు చోట్లా వేర్వేరు గుర్తులు వాడటం కూడా మామూలే. క్రెడిట్ బదిలీ కాగితం మీద పూర్తయినా ఇలాంటి ఖాళీలు మిగిలిపోతాయి. వాటిని టర్మ్ మొదలయ్యాక కాకుండా ముందే, కొత్త చోటి ప్రాథమిక కోర్సు సిలబస్‌ను, పాత ప్రశ్నపత్రాలను పక్కన పెట్టుకుని సరిచూసుకోవడం మేలు.

## గంటల లెక్క

క్రెడిట్ అనే మాట తరగతిలో కూర్చునే సమయాన్ని మాత్రమే సూచిస్తుందన్న అపోహ చాలామందిలో ఉంది. యూరప్‌లో వాడే క్రెడిట్ విధానంలో ఒక విద్యా సంవత్సరానికి 60 క్రెడిట్లు ఉంటాయి, వాటికి 1,500 నుంచి 1,800 గంటల పని అవసరమని లెక్కగడతారు. ఇందులో తరగతి, సొంత చదువు, పరీక్షల తయారీ అన్నీ కలిసి ఉంటాయి. అమెరికాలో వాడుకలో ఉన్న లెక్క ప్రకారం తరగతిలో గడిపే ప్రతి గంటకు బయట రెండు గంటల చదువు ఉండాలి. వారానికి 15 గంటల తరగతులున్న విద్యార్థికి ఇది మొత్తం 45 గంటలు, అంటే పూర్తికాలపు ఉద్యోగం కంటే కొంచెం ఎక్కువే. పాత కళాశాలలో వారానికి ఎనిమిది పది గంటల సొంత చదువుతో గట్టెక్కినవారికి ఈ లెక్క కొత్తగా అనిపిస్తుంది.

టర్మ్ పొడవు మారితే ఒత్తిడి స్వభావమూ మారుతుంది. సెమిస్టర్ పద్ధతిలో సుమారు 15 వారాల బోధన ఉంటే క్వార్టర్ పద్ధతిలో అది 10 వారాలు. సెమిస్టర్‌కు అలవాటుపడిన విద్యార్థి మొదటి రెండు వారాలు వాతావరణం చూసుకుంటూ గడపడం పెద్ద తప్పు కాదు. క్వార్టర్‌లో అదే పని చేస్తే కోర్సులో అయిదో వంతు చేజారిపోతుంది, ఆపై రెండు వారాలు తిరిగేసరికే మిడ్‌టర్మ్ ఎదురవుతుంది. వారం రోజుల జ్వరం కూడా ఒకచోట సర్దుకోగలిగిన విషయం, ఇంకోచోట గండం. కాబట్టి చేరిన మొదటి రోజే అన్ని కోర్సుల సిలబస్‌లూ ముందు పెట్టుకుని, పరీక్షల తేదీలను, సమర్పణ గడువులను ఒకే క్యాలెండర్‌లోకి ఎక్కించి, రెండు మూడు గడువులు ఒకేచోట పడే వారాలను గుర్తించడం తప్పనిసరి. యూనివర్సిటీలో సిలబస్ ఒప్పందపత్రం లాంటిది. దానిలో రాసిన గడువును తరగతిలో మళ్లీ గుర్తు చేస్తారని ఎదురుచూడకూడదు.

## నోట్సు చేసే రెండు పనులు

నోట్సు ఎందుకు ఉపయోగపడుతుందన్న ప్రశ్నకు 1972లో డి వెస్టా, గ్రే అనే ఇద్దరు పరిశోధకులు ఇచ్చిన విభజన నేటికీ పనికొస్తుంది. రాస్తున్నప్పుడు జరిగే ఆలోచన ఒకటి, రాసినది తర్వాత చూసుకోవడానికి నిల్వ ఉండటం రెండోది. విన్నదాన్ని ఎంచి, కుదించి, పాత విషయంతో ముడిపెట్టి కాగితం మీద పెట్టేటప్పుడే కొంత నేర్చుకోవడం జరిగిపోతుంది. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తే నిల్వ మాత్రం ఏర్పడుతుంది గాని మొదటి ప్రయోజనం చాలావరకు పోతుంది.

పైగా ఉన్నది ఉన్నట్టు రాయడం అసాధ్యం. ఇంగ్లిష్‌లో లెక్చర్ నిమిషానికి సుమారు 100 నుంచి 150 మాటల వేగంతో సాగుతుంది. చేత్తో రాసేవారు అందులో నాలుగో వంతు అందుకోవడమే గగనం. బోర్డు చూసి రాసుకునే రోజుల్లో అధ్యాపకుడి చెయ్యే విద్యార్థి చేతికి వేగం నిర్ణయించేది. ఇప్పుడు ఆ కళ్లెం లేదు. అన్నీ రాయాలని పట్టుబట్టినవారి నోట్సులో మొదటి ఇరవై నిమిషాలు దట్టంగా, తర్వాత సగం సగం వాక్యాలతో, చివర ఖాళీగా ఉంటుంది. దురదృష్టవశాత్తూ చాలా లెక్చర్లలో ముగింపుకు వచ్చేది చివరి పది నిమిషాల్లోనే.

తరగతిని రికార్డు చేసి యాంత్రికంగా సారాంశం తయారు చేయించుకునే సాధనాల వల్ల ఈ సమస్య తీరిపోయిందని ఇటీవల చాలామంది భావిస్తున్నారు. పై విభజనతో చూస్తే అవి రెండో పనిని బాగా చేస్తాయి, మొదటి పనిని అసలు చేయవు. విద్యార్థి ఎంచుకోవలసిన చోట యంత్రం ఎంచుకుంటుంది. తప్పిపోయిన భాగాన్ని సరిచూసుకోవడానికి రికార్డింగు అమూల్యమైనది. ‘రికార్డింగు ఉందిగా’ అన్న ధీమాతో తరగతిలో వినడం మానేస్తే మాత్రం అదే గంటకు రెండుసార్లు మూల్యం చెల్లించాల్సి వస్తుంది.

## ఒక పేజీని దగ్గరగా చూస్తే

గణాంక శాస్త్రం లెక్చర్‌లో ప్రామాణిక దోషం (నమూనా సగటు అసలు సగటుకు ఎంత దూరంగా ఉండవచ్చో చెప్పే కొలత) గురించి చెబుతున్నారనుకుందాం. స్లయిడ్ మీద ఒకే సూత్రం ఉంది: ప్రామాణిక విచలనాన్ని నమూనా పరిమాణపు వర్గమూలంతో భాగిస్తే ప్రామాణిక దోషం వస్తుంది. ప్రొఫెసర్ నోటితో చెప్పింది వేరు. నమూనాను నాలుగు రెట్లు పెంచినా దోషం సగమే తగ్గుతుందని, సర్వేలు ఒక స్థాయి దాటాక ఎందుకు ఖరీదైపోతాయో దీన్నిబట్టే తెలుస్తుందని ఆయన రెండు వాక్యాల్లో అని, తర్వాతి స్లయిడ్‌కు వెళ్లిపోయారు.

పాత అలవాటున్న విద్యార్థి పేజీలో సూత్రం అందమైన దస్తూరీతో, రెండు రంగుల గీతల మధ్య ఉంటుంది. నోటిమాట అందులో ఉండదు, అది తెర మీద కనిపించలేదు కాబట్టి. పరీక్షలో ప్రశ్న ఇలా వస్తుంది: దోషాన్ని మూడో వంతుకు తగ్గించాలంటే నమూనాను ఎన్ని రెట్లు పెంచాలి, అందుకయ్యే ఖర్చు ఎప్పుడు సమర్థనీయం? సూత్రం కంఠతా వచ్చినవారు తొమ్మిది రెట్లు అని లెక్క కట్టగలరేమో గాని రెండో భాగం దగ్గర ఆగిపోతారు.

పద్ధతి మార్చుకున్న విద్యార్థి పేజీ చూడటానికి అంత బాగుండదు. స్లయిడ్లు ముందే దొరుకుతాయి కనుక సూత్రాన్ని మళ్లీ రాయరు, స్లయిడ్ సంఖ్య మాత్రం వేస్తారు. దాని పక్కన ‘4 రెట్లు → సగమే, సర్వే ఖర్చు, ఎందుకు?’ అన్న ముక్క ఉంటుంది. అర్థం కాని చోట ఒక ప్రశ్నార్థకం, నాలుగు గీతల ఖాళీ ఉంటాయి. ఆ సాయంత్రం ఎడమ అంచులో ఒక ప్రశ్న చేరుతుంది: ‘నమూనా పెంచుతూ పోతే లాభం ఎందుకు తగ్గుతూ వస్తుంది?’ ఇది కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ రూపొందించిన పద్ధతికి దగ్గరగా ఉంటుంది. పేజీకి ఎడమవైపు సన్నటి గడిలో ప్రశ్నలు, కుడివైపు నోట్సు, కింద రెండు మూడు వాక్యాల సారాంశం దాని రూపం. చాలామంది గీతలు గీసుకునేదాకా వచ్చి ఎడమ గడిని ఖాళీగా వదిలేస్తారు. ఆ పద్ధతికి బలమంతా ఆ గడిలోనే ఉంది. కుడివైపును చేత్తో మూసి, ఎడమవైపు ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికే ఆ ఏర్పాటు.

## చేతిరాతా, ల్యాప్‌టాపా

ఈ చర్చలో ఒక అధ్యయనం పేరు అతిగా వినిపిస్తుంది. 2014లో మ్యూలర్, ఓపెన్‌హైమర్ ప్రచురించిన ప్రయోగాల్లో ల్యాప్‌టాప్ మీద నోట్సు తీసుకున్నవారు ఎక్కువ మాటలు, ఎక్కువగా ఉన్నది ఉన్నట్టు రాశారు. విషయం అర్థమైందో లేదో చూసే ప్రశ్నల్లో మాత్రం చేత్తో రాసినవారి కంటే వెనకబడ్డారు. దీంతో చేతిరాతే మేలన్న మాట స్థిరపడిపోయింది. 2021లో ఉర్రీ బృందం అదే ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు ల్యాప్‌టాప్ వాడినవారు ఎక్కువ రాశారన్న భాగం నిలిచింది, పరీక్షలో వెనకబడ్డారన్న భాగం నిలవలేదు. సాధనాన్ని బట్టి ఫలితం తేలిపోతుందన్న వాదనకు ఇప్పుడు గట్టి ఆధారం లేదు. విన్నదాన్ని కుదిస్తున్నారా, ఎత్తి పోస్తున్నారా అన్నదే చూసుకోవలసిన సంగతి.

ల్యాప్‌టాప్‌తో వచ్చే అసలు ప్రమాదం తెర మీద పక్కన తెరిచి ఉన్న ఇంకో విండో. 2013లో సానా, వెస్టన్, సెపెడా చేసిన ప్రయోగంలో లెక్చర్ మధ్యలో వేరే పనులు చేసినవారే కాక, ఆ తెరలు కనిపించేలా వెనక కూర్చున్నవారు కూడా పరీక్షలో తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. పెద్ద హాలులో ఎక్కడ కూర్చోవాలన్నది కూడా చదువు పద్ధతిలో భాగమేనని దీన్నిబట్టి అర్థమవుతుంది.

## తిరగేయడం, గుర్తు చేసుకోవడం

చదివింది ఎంత త్వరగా జారిపోతుందో హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే కొలిచి చూపారు. నేర్చుకున్న వెంటనే మరపు వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. లెక్చర్ జరిగిన రోజున ఇరవై నిమిషాలు కేటాయించడానికీ, నెల తర్వాత రెండు గంటలు కేటాయించడానికీ ఉన్న తేడా ఇక్కడ ఉంది. నెల తర్వాత చూస్తే పేజీలోని సగం ముక్కలకు అర్థం రాసినవారికే తెలియదు.

ఆ ఇరవై నిమిషాల్లో ఏం చేయాలన్నదానికి 2006 నాటి రోడిగర్, కార్పికీ ప్రయోగం స్పష్టమైన సమాధానం ఇస్తుంది. ఒక పాఠ్యభాగాన్ని కొందరు నాలుగుసార్లు చదివారు. ఇంకొందరు ఒక్కసారి చదివి, చూడకుండా మూడుసార్లు గుర్తు చేసుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే పదేపదే చదివినవారే ముందున్నారు. వారం తర్వాత పరీక్షిస్తే వారికి సుమారు 40 శాతం గుర్తుంది, గుర్తు చేసుకుని రాసినవారికి సుమారు 61 శాతం గుర్తుంది. పదేపదే చదివినవారికి తమకు బాగా వచ్చేసిందన్న నమ్మకం కూడా ఎక్కువగా ఉండటం గమనించదగినది. మారిన విద్యార్థి మోసపోయేది ఈ నమ్మకం వల్లనే. తిరగేసిన పేజీ కంటికి పరిచితంగా కనిపిస్తుంది, ఆ పరిచయాన్ని వచ్చేయడంగా పొరబడతారు.

2013లో డన్లాస్కీ బృందం పది చదువు పద్ధతులను బేరీజు వేసినప్పుడు తమను తాము పరీక్షించుకోవడం, చదువును రోజుల మధ్య విడగొట్టుకోవడం అనే రెండింటికి మాత్రమే అత్యధిక ప్రయోజనం ఉన్నట్టు తేల్చింది. రంగు గీతలు గీయడం, తిరిగి చదవడం, సారాంశం రాయడం తక్కువ ప్రయోజనమున్న జాబితాలోకి వెళ్లాయి. నోట్సును సాఫు ప్రతిగా తిరిగి రాసే అలవాటును ఆ అధ్యయనం విడిగా పరీక్షించలేదు. అయినా చూసి రాయడం తిరిగి చదవడానికి దగ్గరి చుట్టమే కాబట్టి, అది తీసుకునే సమయానికి తగిన ఫలితమిస్తుందని ఆశించడానికి ఆధారం లేదు. అందమైన నోట్సును వదులుకోవడం చాలామందికి కష్టంగా ఉంటుంది, మంచి విద్యార్థి అన్న గుర్తింపు దానితో ముడిపడి ఉంటుంది కాబట్టి.

చదవమని ఇచ్చే పుస్తక భాగాలకూ ఇదే వర్తిస్తుంది. వారానికి వంద రెండు వందల పేజీలు వచ్చే కోర్సుల్లో ప్రతి వాక్యానికీ నోట్సు తీయడం సాధ్యం కాదు. పీఠిక, ముగింపు ముందు చదివి, రచయిత దేనికి జవాబు చెబుతున్నారో పట్టుకుని, మధ్య భాగాన్ని ఆ ప్రశ్నతో చదవడం సరిపోతుంది. ఒక వ్యాసానికి అరపేజీ నోట్సు చాలు.

## తోటివారు, ఆఫీస్ అవర్స్

ఆలస్యంగా చేరినవారికి స్నేహబృందాలు అప్పటికే ఏర్పడిపోయి కనిపిస్తాయి. తప్పిపోయిన తరగతి నోట్సు అడగడానికి మనిషి లేకపోవడం చిన్న లోటు. తను ఏది ముఖ్యమనుకున్నాడో, ఇంకొకరు ఏది ముఖ్యమనుకున్నారో పోల్చుకునే అవకాశం లేకపోవడం పెద్ద లోటు. ఒకే లెక్చర్ మీద ఇద్దరి నోట్సు పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరూ వదిలేసినవి బయటపడతాయి. మొదటి వారంలోనే ప్రతి కోర్సులో కనీసం ఒకరితో పరిచయం పెంచుకోవడం చదువులో భాగంగానే భావించాలి.

ఆఫీస్ అవర్స్ గురించి, అంటే విద్యార్థులు వచ్చి సందేహాలు అడగడానికి ప్రొఫెసర్ కేటాయించే సమయం గురించి, ఒక అపోహను తొలగించాలి. అవి వెనకబడినవారి కోసం పెట్టినవి కావు. ‘నాకు ఈ అధ్యాయం అర్థం కాలేదండీ’ అని వెళ్తే ప్రొఫెసర్ చెప్పగలిగింది కొంచెమే. ‘నమూనా తొమ్మిది రెట్లు అవ్వాలన్నదాకా వచ్చింది, అది ఎప్పుడు సమర్థనీయమో తేల్చే కొలమానం ఏమిటండీ’ అని పేజీ చూపిస్తూ అడిగితే పది నిమిషాల్లో చాలా చెప్పగలుగుతారు. నోట్సు అంచులో వేసుకున్న ప్రశ్నార్థకాలు ఇక్కడ అక్కరకొస్తాయి.

## మొదటి జవాబుపత్రం చెప్పే సంగతి

మార్కులు తగ్గిన మిడ్‌టర్మ్ పత్రాన్ని చాలామంది ఒకసారి చూసి సంచిలో పెట్టేస్తారు. పద్ధతి ఎక్కడ చెడిందో చెప్పే ఆధారం దానికి మించి ఇంకొకటి దొరకదు. పోయిన ప్రతి మార్కు దగ్గరా ఆ రోజు నోట్సు పేజీ తెరిచి చూడాలి. అడిగిన విషయం పేజీలో అసలు లేకపోతే లోపం వినడంలోనో ఎంచుకోవడంలోనో ఉంది. పక్కవారి నోట్సుతో పోల్చడం, లెక్చర్‌కు ముందు స్లయిడ్లు చూసుకోవడం దానికి మందు. పేజీలో ఉండి పరీక్షలో గుర్తు రాకపోతే చదువును విడగొట్టుకోలేదని, మూసి చెప్పుకోలేదని అర్థం. గుర్తొచ్చి కూడా ప్రశ్నకు అన్వయించలేకపోతే నోట్సు జోలికి పోకుండా పాత ప్రశ్నపత్రాలు, అధ్యాయం చివరి లెక్కలు పుస్తకం మూసి చేయాలి. మొదటి రకం లోపమున్నవారు మూడో రకం మందు వాడితే టర్మ్ అంతా శ్రమపడినా గ్రేడు కదలదు. ఈ లెక్క తీయడానికి పట్టేది ఒక సాయంత్రం, అది కూడా పత్రం చేతికి వచ్చిన వారంలోనే, రెండో పరీక్షకు ఇంకా వ్యవధి ఉండగానే చేయాలి.